మా అత్త ఒప్పుకోని ప్రకటన

మా బ్లాగులో ఒక్క ప్రకటన కూడా ఎందుకు లేదని చాలామంది అడిగారు. పుంగనూరు బంధువులైతే నాకు బతకడం చేతకాదని తేల్చేశారు. ఒకరిద్దరు నా నిజాయితీని మెచ్చుకున్నారు కూడా. ఆ నిర్ణయం నాది కాదు. ఎవరిదో రాసి పెట్టకపోతే ఆ మెప్పు నాకే మిగిలిపోయేట్టుంది. అందుకే ఇది రాస్తున్నాను.

నేను పదో తరగతి తప్పినవాణ్ణి. తొంభైల్లో మదనపల్లెలో ఒక టైలరు దగ్గర పని నేర్చుకుంటూ, సాయంత్రాలు లైబ్రరీలో గడిపాను. బీరువాలు వరసపెట్టి చదివాను. నక్షత్రాలు, ఎరువులు, కోళ్ళ పెంపకం, ఏదీ వదల్లేదు. నర్సులకు పాఠాలుగా రాసిన లావుపాటి పుస్తకం కూడా పూర్తిచేశాను. నీకెందుకురా అది అని మా టైలరు మేస్త్రీ నవ్వితే నా దగ్గర జవాబు లేదు.

పదిహేనేళ్ళ తర్వాత జవాబు దొరికింది. అప్పటికి పుంగనూరులో మా ఇంటి ముందుగదిలోనే నా కుట్టుమిషను. నా భార్యకు కుప్పంలో టీచరు ఉద్యోగం. అక్కడే గది తీసుకుని, శనివారం సాయంత్రం బస్సుకు వచ్చేది. మాతో ఉంటున్న మా అత్తకు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, కాలు పడిపోయాయి. పొద్దున ఎదురింటి అక్క వచ్చి స్నానం చేయించి పోయేది. మిగతా రోజంతా ఇంట్లో మేమిద్దరమే.

చిక్కేమిటంటే మా అత్త పాతకాలపు మనిషి. అల్లుడితో నేరుగా మాట్లాడకూడదు. నా పెళ్ళయిన పన్నెండేళ్ళలో నాతో ఒక్క మాట ఆడలేదు. ఇప్పుడు మధ్యన మాట చేరవేసేవాళ్ళు లేరు. అందుకని తలమీద కొంగు లాక్కుని నా మిషనుతో చెప్పడం మొదలుపెట్టింది.

"ఏమే మిషనా, ఆయప్పకు చెప్పు, సంగటి గట్టిగా ఉండాది, గొంతు దిగతా లేదు."

నేనూ మిషనుకే బదులిచ్చేవాణ్ణి. "రేపు మెత్తగా చేస్తాడంట అని చెప్పు."

"రేపటి దాకా బతికుంటే కదా అని చెప్పు!"

ఈ మాటలు, రెండు గంటలకొకసారి పక్క మార్చడం, కాలు వంచి చాపించడం, అన్నీ నోటుబుక్కులో రాసుకుని, నెట్ సెంటరుకు పోయి బ్లాగులో పెట్టేవాణ్ణి. బ్లాగులని ఉంటాయన్నదీ లైబ్రరీలో పేపరు చదివి తెలుసుకున్నదే. పెట్టేముందు ప్రతిదీ మిషను వైపు తిరిగి పైకి చదవాలి. మా అత్తకు నచ్చని వాక్యం కొట్టేయాల్సిందే. శాంతిపురం నుంచి ఒక అమ్మాయి ప్రతి పోస్టు కిందా రాసేది. వాళ్ళ నాయనదీ ఇదే జబ్బు. నేను రాసింది రాసినట్టు ఆయనకు చేయిస్తోంది.

కొన్ని నెలలకు మా అత్త నా భుజం పట్టుకుని వంటింటి దాకా నడిచింది. అది రాసిన వారానికే, బలం పొడి అమ్మే ఒక కంపెనీ మనిషి బెంగుళూరు నుంచి వచ్చాడు. ఆ పొడి వల్లే నడిచిందని రాసి, ఆమె డబ్బా పట్టుకున్న ఫోటో పెడితే చాలు, ఇంట్లోనే కంప్యూటరు, నెట్టు పెట్టిస్తానన్నాడు. సొంత కంప్యూటరు! నా కాళ్ళు నేలమీద నిలవలేదు. ఆ మధ్యాహ్నమే రాసేసి, ఎప్పటిలాగే మిషను వైపు తిరిగి చదివాను.

"ఈ పొడి నెలరోజులు తాగేసరికి మా అత్త లేచి నడిచింది..."

తిరిగి చూస్తే మా అత్త కొంగు తీసేసి సూటిగా నన్నే చూస్తోంది.

"అల్లుడా, ఆ పొడి యాడుండాది? నేనెప్పుడు తాగినా?"

పన్నెండేళ్ళకు విన్న మొదటి మాట.

"ఆ శాంతిపురం పాప నువ్వు రాసేది సూసే కదా వాళ్ళ నాయనకు కాళ్ళు వంచతాండేది? రేపు ఇది సదివి, పొడి కలిపిచ్చి ఊరికే కూసుంటే? ఆయప్ప మంచంలోనే ఉండిపోడా?"

"కంప్యూటరు ఇస్తారంట అత్తా," అన్నాను, నేనూ నేరుగానే.

"కంప్యూటరు పట్టుకోని నడిస్తినా? నీ భుజం పట్టుకోని నడిస్తి. అది రాయి."

పేజీ చింపేసి, ఆ మనిషికి ఫోను చేసి వద్దన్నాను. ఇంకోసారి ఆలోచించుకోండి సార్ అన్నాడు. "ఆలోచించినామని చెప్పప్పా!" అని మంచం మీది నుంచి అరిచింది మా అత్త.

శనివారం వచ్చిన నా భార్య గుమ్మంలోనే నిలబడిపోయింది. లోపల మేమిద్దరం పప్పులో ఉప్పు గురించి ఎదురెదురుగా పోట్లాడుకుంటున్నాం. "మిషనుతో మాట్లాడినప్పుడే ఇల్లు నెమ్మదిగా ఉండె కదమ్మా," అంది నవ్వాపుకోలేక.

పేరు పెట్టి పిలవడం మా ఇంట్లో అలవాటు లేదు కాబట్టి వరసలతోనే దండాలు చెబుతాను. మూసే వేళ దాటినా నన్ను లేపని మదనపల్లె లైబ్రేరియన్ గారికి, ఎదురింటి అక్కకు, తెలుగు టైపు నేర్పిన నెట్ సెంటరు ఆయనకు, నా భార్యకు. మా అత్తకు చెబితే తిడుతుంది. ఇక ఆ శాంతిపురం అమ్మాయికి. ఆ ఏడు మామిడికాయల కాలంలో ఆమె బ్లాగు కింద ఇలా రాసింది: "మా నాయన ఈ పొద్దు కర్ర పట్టుకోని కొట్టం దాకా పోయి, ఆవును పలకరించి వచ్చినాడు."

మా అత్త దాన్ని నాచేత మూడుసార్లు చదివించుకుంది.