ఎడమ చెవి కచేరి

స్టేజీ ఎక్కడ అని అడిగితే లారీ చూపించారు. అప్పుడే తట్టాబుట్టా సర్దుకుని వెళ్ళిపోవాల్సింది.

చెన్నై వాషర్‌మెన్‌పేట్‌లో మార్కెట్ పక్క వీధి, ఆయుధ పూజ సాయంత్రం. లారీకి రెండు వైపులా చెక్కలు దించేసి, నాలుగు మూలలా అరటి మొక్కలు కట్టారు. అద్దం నిండా పసుపూ కుంకుమా. మా పాటల ట్రూపును పిలిచింది ఆ వీధి లారీ యజమానుల సంఘం. వేదిక, జనరేటరు, మంచి సౌండు అన్నీ ఉన్నాయని మాటిచ్చిన కార్యదర్శి ఆ సాయంత్రమంతా ఫోను ఎత్తలేదు. కుర్చీలు ఏవని అడిగితే వంటవాళ్ళను అడగమన్నారు. వంటవాళ్ళు మమ్మల్ని వడ్డించేవాళ్ళనుకుని చేతికి బకెట్లు ఇచ్చారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

అయినా దిగి వెళ్ళలేకపోయాం, ఎందుకంటే మాతో పాడటానికి వచ్చిన పిల్లకు అది మొదటి కచేరి. మా ట్రూపుకు పెద్ద, పాటగాడు వాళ్ళ నాన్నే. జ్వరంతోనే ఒక పెళ్ళి రిసెప్షన్లో పాడి వచ్చి మంచం పట్టాడు, మళ్ళీ లేవలేదు. కచేరీలే ఆయన్ని మింగేశాయని వాళ్ళమ్మకు కోపం. కూతుర్ని మైకు దగ్గరికి పోనివ్వనంది. పిల్ల బతిమాలి బతిమాలి చివరికి ఒక్క మాటకు ఒప్పించుకుంది: ఒక్కసారి వచ్చి నా పాట విను, ఆ తర్వాత నువ్వు వద్దంటే మానేస్తాను. అందుకే వాళ్ళమ్మ, నాకు వదిన వరస, ఆ రోజు ముందు వరసలో, ఎక్కడినుంచో తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. ఆమె వద్దంటే పిల్ల పాట ఆగిపోతుంది, పాడేవాళ్ళు లేక మా ట్రూపూ మూతపడుతుంది.

ఇక్కడ మా పని తీరు కొంచెం చెప్పాలి. నేను ప్యాడ్, అంటే కరెంటు డ్రమ్ము, వాయిస్తాను. వయొలిన్లు, వేణువులు అన్నీ తెచ్చుకునే స్తోమత లేని ట్రూపులు ఆ సంగీతాన్ని ముందే లాప్‌టాప్‌లో ఎక్కించుకుంటాయి. కుడి వైరులో వచ్చే సంగీతం జనానికి. ఎడమ వైరు నా చెవికి మాత్రమే. అందులో తాళం లెక్క, పాట ఎక్కడ మలుపు తిరుగుతుందో చెప్పే గొంతు ఉంటాయి. అలా ఎక్కించిన మా ట్రాకులన్నీ పిల్ల నాన్న తన ఇంట్లో కూర్చుని చేసినవే. కాబట్టి ఆయన పోయాక కూడా ప్రతి కచేరిలో ఆయన నా ఎడమ చెవిలో లెక్క పెడతాడు, దారి చూపడానికి నాలుగు ముక్కలు పాడతాడు, నన్ను కసురుతాడు. ట్రూపులో అందరికీ తెలుసు, ఎవరమూ ఆ ఊసు ఎత్తం. ఆయన గొంతు ఇంకా అందులో ఉందని వాళ్ళ ఇంట్లో మాత్రం తెలియదు.

ఎలాగో తంటాలుపడి అన్నీ అమర్చుకున్నాక సంఘం పెద్ద ఒకాయన వచ్చాడు. మంచి గడియ దాటిపోతోందట. ఆయుధ పూజ నాడు బండి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాలి కదా. ఆ బండి మీద మేమున్నాం.

"మీరు దిగబన్లేదు సార్. రవ్వంత ముందుకు పోతాది, అంతే. అట్నే పట్టుకుని నిలబడండి," అన్నాడు.

నేను వద్దనే లోపే గుమ్మడికాయ పగిలింది, లారీ కదిలింది. కీబోర్డు స్టాండు ఒరిగింది, వైర్లన్నీ పీక్కుపోయాయి. జనం చప్పట్లు కొట్టారు. కిందనున్న సౌండు మనిషి తిట్టుకుంటూ ఏ వైరు చేతికొస్తే అది గుచ్చి, కానివ్వండని చెయ్యి ఊపాడు. పిల్ల మైకు పట్టుకుంది. నేను మీట నొక్కాను.

వీధి చివరిదాకా పిల్ల నాన్న గొంతు వినిపించింది. నా చెవికి రావాల్సిన వైరు స్పీకర్లకు పోయింది. వన్, టూ అని లెక్క పెట్టాడు. పిల్ల నోరు తెరిచింది గానీ పాట రాలేదు. ఆయనే పల్లవి అందుకున్నాడు. తర్వాత, అందరూ వింటుండగా, "తొందరపడొద్దురా, ఈడ మెల్లగా," అన్నాడు. ఆ మాట నాకు. చెవిలో ఎన్నోసార్లు విన్నదే, కానీ అంత పెద్దగా వినేసరికి వాయించడం మరిచిపోయాను.

జనం నవ్వారు. ఆ వెంటనే రికార్డు, రికార్డు అని తమిళంలో అరుపులు మొదలయ్యాయి. పాట పెట్టి పెదాలు ఆడిస్తున్నారట. సంఘం పెద్ద మైకు లాక్కోబోయాడు. పిల్ల ఇవ్వలేదు. ఆమె వాళ్ళమ్మ వైపే చూస్తోంది. వదిన కుర్చీలోంచి లేచి నిలబడింది. ఆమె చూపు కూతురి మీద లేదు, స్పీకరు మీద ఉంది.

"ఆపేయండి చిన్నాన్నా," అంది పిల్ల నాతో. "ఆయన పాడతా ఉంటే నేను పాడలేను. వింటా నిలబడిపోతాను."

ఆపాను. ఆయన మాట సగంలో తెగిపోయింది. ఆ వీధిలో మరొకసారి ఆయన పోయినట్టనిపించింది. పిల్ల వయొలిన్లూ వేణువులూ లేకుండా, నా ప్యాడ్ మీదనే పాడింది. మొదటి చరణం వణికింది. రెండో చరణానికి అరుపులు ఆగాయి. నిజం చెప్పాలంటే చాలా బాగా పాడింది. పాట అయ్యాక మమ్మల్ని దిగమన్నారు, లారీని అమ్మవారి ఊరేగింపుకు తీసుకుపోవాలట.

సామాను కడుతుంటే వదిన నా దగ్గరికి వచ్చింది. నాలుగు దులిపేస్తుందనుకున్నాను. "ప్రతి కచేరిలో ఉంటాడా ఆయన?" అని అడిగింది. ఉంటాడు వదినా, నా చెవిలో ఉంటాడు అన్నాను. ఆమె ఆ వైరు చేతిలోకి తీసుకుని చూసింది. తర్వాత, "ఆ చెవి వైరు ఇంకొకటి తగిలించేదానికి అవుతాదా?" అంది.

ఇప్పుడు మా ట్రూపుకు పిల్లే పాటగత్తె. టి. నగర్ కల్యాణ మండపాలనుంచి కూడా పిలుపులొస్తున్నాయి. వదిన ఒక్క కచేరీ మానదు. నా వెనక స్టూలు మీద కూర్చుని, రెండు చెవులకూ ఆయన గొంతు వచ్చే హెడ్‌ఫోను పెట్టుకుని, బయటి చప్పుడు రాకుండా దాన్ని అరచేతులతో అదిమి పట్టుకుంటుంది. కళ్ళు మూసుకుంటుంది. ముందు నిలబడి పాడే కూతురికి అమ్మ కనబడదు.

కచేరి అయిన ప్రతిసారీ పిల్ల చెమట తుడుచుకుంటూ నేరుగా నా దగ్గరికి వస్తుంది.

"అమ్మ వినిందా చిన్నాన్నా?"

వినిందని చెబుతాను.