కరకరలాడిన ఆదివారం

ఆ వీధిలో ఆయన్ని అందరూ మోటారు డాక్టరు అనేవారు. కాలిపోయిన మోటార్లకు కొత్త తీగ చుట్టడం ఆయన పని. స్క్రూడ్రైవర్ కొన మోటారుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వింటే చాలు, లోపల ఏ బేరింగు అరిగిందో ఇట్టే చెప్పేసేవాడు. అంతటి ఘనుడికి ఇంట్లో టీ కాచుకోవడం కూడా రాదు. పెళ్లయిన పదిహేడేళ్లలో ఆయన స్టవ్వు ముట్టుకున్నది దాన్ని బాగుచేయడానికే.

నాలుగు నెలల క్రితం ఆయన భార్యకు జ్వరం వచ్చింది. తగ్గుతూ తగ్గుతూ అది వాసననీ రుచినీ వెంటబెట్టుకుపోయింది. "నిదానంగా వస్తాయి, కంగారుపడొద్దు" అన్నారు ఆస్పత్రిలో. ఆవిడ అలవాటు కొద్దీ వండేది, ఉప్పు చూడమని కూతుర్ని పిలిచేది, తను మాత్రం నాలుగు ముద్దలు మింగి లేచిపోయేది.

"ఏం తిన్నా గడ్డి నమిలినట్టే ఉందండీ" అనేది. మనిషి సగమైపోయింది.

ఒక ఆదివారం కూతురు ఆయన పక్కన కూర్చుని పచ్చి క్యారెట్ కొరికింది. ఫట్‌మన్న ఆ చప్పుడుకు ఆయన పేపరు పక్కన పడేశాడు. నాలుక మొరాయిస్తేనేం? పళ్లున్నాయి, చెవులున్నాయి!

"అమ్మడూ, ఇంట్లో బంగాళాదుంపలున్నాయా? మీ అమ్మకు వేయించి పెడదాం."

"ఎవరు, నువ్వా నాన్నా?" కూతురు నోట్లో క్యారెట్ అలాగే ఉండిపోయింది.

దుంపలు పొడుగ్గా కోసి, బాణలి నిండా నూనెపోసి, అన్నీ ఒకేసారి కుమ్మరించాడు. నూనె చిమ్మి చొక్కా పాడైంది. ముక్కలేమో తడిసిన అట్టముక్కల్లా వాలిపోయాయి. భార్య ఒకటి నోట్లో వేసుకుని, "బాగానే ఉన్నాయిలెండి" అంది. ఆ 'లెండి' ఆయనకు ముల్లులా గుచ్చుకుంది.

చెప్పులైనా వేసుకోకుండా కింది వాటాకు పరుగెత్తాడు. హాస్టల్లో ముప్పయ్యేళ్లు వండి రిటైరైన వంట మాస్టారు ఉండేది అక్కడే.

"మాస్టారూ, దుంపలు మెత్తబడిపోతున్నాయి. లోపం ఎక్కడుంది?"

"కడిగావా?"

"శుభ్రంగా కడిగే కోశాను."

"కోశాక కడగాలయ్యా! నీళ్లు తేటపడేదాకా. తర్వాత గుడ్డమీద ఆరబెట్టు, తడి అస్సలుండకూడదు. కొంచెం కొంచెంగా సన్నసెగ మీద వేయించి తీసెయ్. చల్లారాక, నూనె బాగా కాగనిచ్చి మళ్లీ వెయ్."

"రెండుసార్లా!"

"మోటారుకు వార్నిష్ ఒక్క పూతే వేసి ఊరుకుంటావా నువ్వు?"

మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. ఈసారి మిగిలిన దుంపలు కోసి, ముక్కలు కడిగి, ఉతికిన దుప్పటి మీద పరిచి, ఒక్కొక్కటీ తుడిచాడు. మొదటి వాయి నూనెలో పడగానే బుసబుసమంటూ పొంగింది. ఆయన కళ్లు మూసుకుని చెవి అటు తిప్పాడు.

"తీసేయ్ నాన్నా!"

"ఉండు తల్లీ, ఇంకా నీళ్ల చప్పుడు వస్తోంది."

ముక్కలు చల్లారాక, నూనె బాగా కాగనిచ్చి రెండోసారి వేశాడు. కాసేపటికి బుస తగ్గింది, సన్నటి చిటపట మిగిలింది. చిల్లుల గరిటెతో పైకెత్తి ఊపితే బంగారు రంగు ముక్కలు గలగలమన్నాయి.

"విన్నావా? విన్నావా?" అంటూ పళ్లెం పట్టుకుని ఒక్క అంగలో హాల్లోకి వచ్చాడు.

భార్య ఒకటి కొరికింది. కర్‌ర్‌ర్! ఆవిడ కళ్లు పెద్దవయ్యాయి. ఇంకొకటి, వెంటనే ఇంకొకటి. నవ్వాపుకోలేక ఒక ముక్క ఆయన చెవి పక్కన పెట్టుకుని మరీ కొరికింది. కూతురు చెయ్యి చాపితే ఫెడీమని ఒక్కటేసింది.

"రుచి తెలుస్తోందా?" ఆయన ఆత్రంగా అడిగాడు.

"ఊహూఁ, ఏమీ లేదు" అంది ఆవిడ, పళ్లెంలో మిగిలిన పలుకుల్ని వేలితో అద్దుకుంటూ. "ఇంకో వాయి వేయండి."

"దుంపలు అయిపోయాయి" అని కూతురు వంటింట్లోంచి అరిచేసరికే ఆయన సంచీ తీసుకుని వీధిలో ఉన్నాడు.