వాల్డెసిర్ అంటించిన పట్టీలు

2019 మే 6, సోమవారం, ఉదయం 9 గంటల 10 నిమిషాలకు వాల్డెసిర్ తన కంప్యూటరు తెర కుడివైపు పైమూలన, దెబ్బలకు వేసే అంటుపట్టీ ఒకటి అంటించాడు. పోకర్ ఖాతాలో ఎంత సొమ్ముందో చూపే అంకె ఆ మూలనే ఉంటుంది. ఫలితం చూడకపోవడం, నిర్ణయం సరైనదో కాదో మాత్రమే చూడడం: అతని పిచ్చి ఇదొక్కటే. అయితే అది సంపూర్ణమైన పిచ్చి.

కురిచీబా నగరంలో మావి ఎదురెదురు ఇళ్లు. అతడు పదకొండేళ్లుగా తల్లి జురేమాగారి రొట్టెల దుకాణానికి బండి నడిపాడు. ఇక పోకరే వృత్తి అన్నాడు. ఆవిడ గడువు పెట్టింది.

"పదమూడు వారాలు. అప్పటిదాకా మీ పిన్ని కొడుకు బండి నడుపుతాడు. పదమూడో సోమవారం నాటికి, ఇప్పుడున్న రెండు వేల డాలర్లలో సెంటు తగ్గినా బండి తాళం నీ చేతికే. నోరెత్తకూడదు."

"ఎత్తనమ్మా."

"అంకె చూసేదెవరు? నువ్వు దానికి పట్టీ వేసి కూర్చుంటివి."

"ఎదురింటి డాక్టరుగారు. ప్రతి సోమవారం చూస్తారు, పదమూడోసారి మాత్రమే చెబుతారు."

నేను డాక్టరును కాను. తాగునీటి ప్రయోగశాలలో క్లోరిన్ కొలిచే ఉద్యోగిని. వీధిలో ఈ తేడా ఎవరికీ పట్టదు.

"నేనే ఎందుకు?" అని అడిగాను.

"ఈ వీధి మొత్తంలో మీ ముఖం మీదే ఏమీ కనపడదండీ."

దానిని ప్రశంసగానే స్వీకరించాను.

అతని క్రమశిక్షణ మా ప్రయోగశాలకు కూడా లేదు. ఆటకు ముందు ఇరవై బస్కీలు, ఒక అరటిపండు. ఆపైన గోడ మీది జాబితాను పైకి చదవాలి: ఏడు గంటలు నిద్రపోయానా? అమ్మతో పోట్లాడానా? పోట్లాడితే ఆ పూట ఆట లేదు. మే నెలలో అలా నాలుగు పూటలు పోయాయి. ఏ బల్ల దగ్గరా ఖాతాలోని సొమ్ములో యాభయ్యో వంతుకు మించి పెట్టడు. తాను పెట్టుకున్న అలారం మోగగానే, ఆడుతున్న ఆట ముగించి లేస్తాడు.

ఒక మధ్యాహ్నం వెలిగిపోతూ మా ఇంటికి వచ్చాడు.

"ఇవాళ అద్భుతంగా ఓడానండీ! నా చేతిలో రెండు ఆసులు, అవతలివాడి దగ్గర రెండు తొమ్మిదులు. చివరి ముక్కగా వాడికి మూడో తొమ్మిది!"

"ఇందులో అద్భుతమేముంది?"

"డబ్బు పెట్టినప్పుడు నా గెలుపు నూటికి ఎనభై. నిర్ణయం సరైనదే. తొమ్మిది రావడం తొమ్మిది ఇష్టం."

లెక్క వేసి చూశాను. ఎనభైకి కాస్త పైనే.

ఆ పట్టీ తెర దగ్గర ఆగలేదు. ఫుట్‌బాల్ చూడడానికి వీధంతా అతని ఇంట్లో చేరితే, టీవీలో గోల్స్ చూపే మూలన పట్టీ ఉంది.

"ఒరేయ్, ఎంతకెంతరా?"

"అది కాదన్నా ప్రశ్న. పదో నంబరువాడు బంతిని ఎడమకు ఇవ్వడం సబబేనా?"

"అది పీకుతావా, నీ మూతికి అంటించమంటావా?"

నాకు జ్వరం వస్తే థర్మామీటరుకూ పట్టీ వేసి తెచ్చాడు. "ముందు చెప్పండి. నిన్న గొడుగు లేకుండా వెళ్లడం సరైన నిర్ణయమేనా?"

జురేమాగారు గంటకోసారి కాఫీ తీసుకుని అతని గదిలోకి వెళ్లేది. పట్టీని చూసి తిరిగి వచ్చేది. సోమవారాలలో మాత్రం నన్ను గుమ్మంలోనే పట్టుకునేది.

"ఎడమ కనుబొమ్మ లేచింది! పడిపోయిందా, డాక్టరుగారూ?"

"చలికాలం కదండీ, చలికి."

పన్నెండో సోమవారం అంకె 1,861.15. ఆ రోజు నా ముఖాన్ని అదుపులో ఉంచడానికి చాలా శ్రమపడ్డాను. వాల్డెసిర్ నన్నేమీ అడగలేదు. బస్కీలు ఇరవైయే తీశాడు. బల్ల మీది సొమ్మూ పెంచలేదు.

ఆగస్టు 5, ఉదయం 9 గంటల 10 నిమిషాలు. వాన. నేను పట్టీ మీద చేయి వేయగానే కరెంటు పోయింది.

గుమ్మంలో జురేమాగారు, ఆమె గుప్పిట్లో బండి తాళం. "చెప్పండి, డాక్టరుగారూ!"

"కొలవనిది చెప్పలేనండీ."

వాల్డెసిర్ నా చెవి దగ్గరకు వంగాడు. "రెండు వేల మూడు వందల పదిహేడు, నలభై సెంట్లు."

"నీకెలా తెలుసు?"

"తెలియనిదెప్పుడండీ? ప్రతి ఆటా మనసులో కూడుకుంటూనే ఉన్నాను."

"మరి ఈ పట్టీ?"

అతడు గడ్డంతో గుమ్మం వైపు చూపాడు. "నాన్న గుర్రప్పందాల రోజుల్లో, అంకె పడిపోయిన పూట అమ్మ భోజనం చేసేది కాదు. కాఫీ తేవద్దంటే వింటుందా? చూడొద్దంటే ఇంకా దిగులు పడుతుంది. అందుకే నా పిచ్చి అన్నాను."

"టీవీ? నా థర్మామీటరు?"

"నిజమైన పిచ్చి అని నమ్మాలంటే అన్నిచోట్లా అంటించాలి కదండీ."

"ఏమిట్రా ఆ గుసగుసలు?" అంది జురేమాగారు.

"మీరు ఈ పదమూడు వారాలూ వేళకు భోంచేశారా అని అడుగుతున్నాడండీ."

"చేయకేం? రెండు కిలోలు పెరిగాను. అంకె సంగతి చెప్పండి!"

9 గంటల 31 నిమిషాలకు కరెంటు వచ్చింది. కంప్యూటరు తెరుచుకోవడానికి మరో మూడు నిమిషాలు పట్టింది. వాల్డెసిర్ అరటిపండు ఒలుస్తున్నాడు. నేను జురేమాగారిని పక్కకు పిలిచి నిలబెట్టుకుని, పట్టీ పీకాను.

2,317.40