పద్నాలుగు సంతకాల కోసం దిల్‌సుఖ్‌నగర్ దాకా

ఇడ్లీ పార్శిల్ కట్టేవాళ్లకు చట్నీ మీద ఏదో పాత పగ ఉన్నట్టుంది. ఇడ్లీలను మాత్రం కాగితంలో సుతారంగా చుడతారు. చట్నీని పల్చటి కవర్లో పోసి, ముడి మీద ముడి వేసి, దానిమీద రబ్బరు బ్యాండు తొమ్మిది చుట్లు తిప్పుతారు. విప్పడానికి గోరు చాలదు, పన్ను పెట్టాలి. పన్ను పెడితే విడిపోయేది ముడి కాదు, కవరు. వనస్థలిపురం బస్టాపులో ఉదయం ఐదుంపావుకు నేనీ సంగతి స్వయంగా రుజువు చేశాను. ఫలితం తెల్ల చొక్కా మీద, జేబుకు కాస్త కింద.

నా సభ్యత్వ యాత్ర ఇలా మొదలైంది.

ఊరికి నీళ్లు, దీపాలు, చీపుళ్లు చూసే ఒక సంస్థలో నేను జూనియర్ అసిస్టెంటుని. ఆఫీసు వేళ తర్వాత, ఆఫీసు వేళలో కూడా కొంత, ఉద్యోగుల సంఘానికి సభ్యత్వ కార్యదర్శిని. యాత్రకు కారణం సైదమ్మ. నల్లగొండ వైపు నుంచి వచ్చి పదిహేనేళ్లుగా దిల్‌సుఖ్‌నగర్ వీధులు ఊడుస్తోంది. అందరి ముందూ గ్లౌజులు అడిగింది. మర్నాడే ఆమెను ఊరి చివరి వార్డుకు మారుస్తూ కాగితం వచ్చింది. సోమవారం నుంచి తెల్లవారుజామున ఐదింటికల్లా అక్కడ హాజరు వేయించుకోవాలి. ఆ వేళకు అటు బస్సు లేదు. మూడు రోజులు హాజరు తప్పితే పేరు కొట్టేస్తారు.

శనివారం అధికారులతో సమావేశం ఉంది. అందులో ఆమె తరఫున మాట్లాడాలంటే మాకు దిల్‌సుఖ్‌నగర్ ఉన్న సర్కిల్లో శాఖ ఉండాలి. శాఖకు నలభై మంది సభ్యులుండాలి. ఇరవై ఆరుగురు చేరారు. మిగిలిన పద్నాలుగు ఫారాలు ఈరోజు, శుక్రవారం, సాయంత్రం ఐదులోపు సంఘం ఆఫీసులో పడాలి.

సంచీలో ఫారాల పుస్తకం, వేలిముద్రలకు ఇంకు ప్యాడ్, ఒక శాలువా. శాలువా ముఖ్య అతిథికట. పదకొండింటికి ఎల్బీ నగర్‌లో సభ్యత్వ సభ. అతిథి ఎవరని రాత్రి మా అధ్యక్షుణ్ణి అడిగితే, “వస్తారుగా, చూద్దువు గాని” అన్నారు.

ఐదున్నరకు షేరాటో. ఎల్బీ నగర్‌కు ఇరవై రూపాయలు. ముగ్గురి సీటులో ఐదుగురం సర్దుకున్నాక కూడా డ్రైవరు ఇంకొకరి కోసం రోడ్డంతా వెతికాడు. నా పక్కన పూలబుట్టతో ఒకావిడ.

“ఏడికి సారు, గింత పొద్దుగాల?”

“సంఘం పని మీదమ్మా. ఉద్యోగుల సంఘం.”

“ఫ్యాన్ల కింద కూసునేటోళ్లకు గూడ సంఘమా?” అని బుట్ట నా ఒళ్లోకి కొంచెం జరిపింది.

ఎల్బీ నగర్ చౌరస్తాలో తూర్పు జిల్లాల బస్సులు ఆగి జనాన్ని దింపుతున్నాయి. దిగినవాళ్లంతా తెల్లారకముందే ఆలస్యమైపోయినట్టు నడుస్తున్నారు. మెట్రో మెట్లెక్కాను. ఎస్కలేటర్ ఉంది, విశ్రాంతిలో ఉంది. ఆరు దాటాక మొదటి రైలు. దిల్‌సుఖ్‌నగర్ మూడో స్టేషను. కూర్చోవడానికి చోటు దొరికింది. ఈ యాత్రలో అనుకున్నట్టు జరిగినది ఇదొక్కటే కాబట్టి నమోదు చేస్తున్నాను.

చైతన్యపురి దగ్గర అధ్యక్షులు ఫోన్ చేశారు. “ఒక మహిళా కార్మికురాలి పేరు చెప్పవయ్యా, వేదిక మీదకి.”

“సైదమ్మ” అన్నాను. ఎందుకని అడగలేదు. మా సంఘంలో ఎందుకని అడిగితే ఉపసంఘం వేస్తారు, దానికి అడిగినవాణ్ణే కన్వీనర్ని చేస్తారు.

ఆరున్నరకు దిల్‌సుఖ్‌నగర్‌లో, మెయిన్ రోడ్డు వెనక సందులో, టీ బండి దగ్గర వాళ్లు దొరికారు. ఐదింటి నుంచి ఊడ్చి, చీపుళ్లు గోడకు ఆనించి, టీ తాగే వేళ అది. సైదమ్మతో కలిపి పదిహేను మంది. సైదమ్మ ముందే సభ్యురాలు. నేను కరపత్రం తీసి చదవడం మొదలుపెట్టాను. అందులో మొదటి పేరా మా సంఘం ఆవిర్భావం గురించి. రెండో పేరా కూడా.

“సారూ, ఛాయ్ సల్లారుతుంది” అంది మణెమ్మ. ఆ గుంపులో నోరున్న మనిషి. “సైదక్క అంత చెప్పింది మాకు. ఇయ్యాల అక్కను దూరం ఏసిన్రు, రేపు నన్నేస్తరు. గంతేగద? ఏడ పెట్టాలె ఏలు?”

కరపత్రం మూడు పేజీలు రాసినవాణ్ణి నేనే. కొంచెం బాధ కలిగింది.

సైదమ్మ ఈ వారమంతా చేసిన పని అప్పుడు తెలిసింది. రోజుకొకరితో జతగా ఊడ్చేదట. ఒకరి మోకాలి నొప్పి, ఒకరి కిరాయి ఇల్లు, ఒకరి బిడ్డ కాలేజీ సంగతి, అన్నీ విని, చివర్లో తన కాగితం చూపించేదట. అలా పద్నాలుగు మంది సిద్ధమయ్యారు. టీ బండి చెక్క మీద గ్లాసులు పక్కకు జరిపి ఆమే చోటు చేసింది.

“తీయ్ సారు పుస్తకం.”

ఇక్కడ నేను చేసినది దాచకుండా రాస్తాను. పుస్తకం తీయలేదు. సంతకాలు వేదిక మీదే జరగాలని అధ్యక్షుల ఆదేశం. ఒక్కొక్కరే వచ్చి పెడుతుంటే ఫొటో బాగుంటుందట. కనుక అందరూ డ్యూటీ దిగి పదకొండింటికి ఎల్బీ నగర్ రావాలని చెప్పాను.

“గిప్పుడే పెట్టిచ్చుకోరాదు?” అంది సైదమ్మ. “అందరొక్క కాడ ఉన్నరు. మల్ల దొరకరు.”

“పద్ధతి ఒకటుంటుంది కదా సైదమ్మా” అన్నాను.

మణెమ్మ టీ గ్లాసు బండి మీద పెట్టేసింది. “సరే తియ్యి, ఒస్తం. అక్క కోసం ఒస్తం.”

మధ్యలో నాలుగు గంటలు. ఒక హోటల్లో కూర్చుని ఉప్మా తిన్నాను. చట్నీ గిన్నెలో ఇచ్చారు. పదింబావుకు మళ్లీ మెట్రో. ఈసారి కోచింగ్ సెంటర్ల పిల్లల సంచుల మధ్య నిలబడి.

సభాస్థలి ఎల్బీ నగర్‌లో ఫ్లైఓవర్‌కు పక్క సందు. షామియానా, ఇరవై కుర్చీలు, బస్సుల హారన్ల మీద నెగ్గాలని చూస్తున్న మైకు. వేదిక వెనక ఫ్లెక్సీ. దాని మీద మా అధ్యక్షుల ఫొటో, పక్కన అంతకంటే పెద్దదిగా, చేతులు జోడించి, ముఖ్య అతిథి. సైదమ్మ మార్పు కాగితం మీద సంతకం చేసిన అధికారి.

అధ్యక్షుల్ని పక్కకు పిలిచాను. ఆయన రిటైరై ఆరేళ్లయింది, గోదావరి జిల్లాల నుంచి వచ్చినాయన, మంచివారు. అదే ఇబ్బంది.

“మన ఫిర్యాదు ఈయన మీదే కదండీ?”

“అందుకేనయ్యా పిలిచింది. అధికారి లేకుండా సభేంటి? రేపు మనం వెళ్లాల్సింది ఆయన దగ్గరికే కదా. శాలువా తెచ్చావా?”

తెచ్చాను. ఐదుంపావు నుంచీ మోస్తున్నాను.

పదకొండుంపావుకు సైదమ్మతో పాటు పద్నాలుగు మందీ వచ్చారు. ఫ్లెక్సీ చూశారు. రోడ్డుకు అవతలే ఆగిపోయారు. సైదమ్మ ఒక్కతే దాటి వచ్చి, చివరి కుర్చీలో కూర్చుంది. అధికారి మాట్లాడారు. సంఘాలు ఉండాలన్నారు. క్రమశిక్షణ కూడా ఉండాలన్నారు. రెండోదానికి ఎక్కువ సమయం ఇచ్చారు.

తర్వాత అధ్యక్షులు మైకు అందుకున్నారు. “ఇప్పుడు మన సోదరి సైదమ్మ గారి చేతుల మీదుగా ముఖ్య అతిథికి సన్మానం!”

ఆమె లేవలేదు. పేరు మళ్లీ పిలిచారు. అధికారి తల తిప్పి చూశారు. ఆమె నా వైపు చూసింది. ఏదో ఒకటి చేయాలి కదా అని నేను చప్పట్లు కొట్టాను.

సైదమ్మ లేచి, చేతులు కొంగుకు తుడుచుకుని, వేదిక ఎక్కి శాలువా కప్పింది. ఫొటో తీశారు. బాగా వచ్చింది.

నేను రోడ్డు దాటి పరుగెత్తేసరికి గుంపు కదిలిపోతోంది. పుస్తకం తెరిచి పట్టుకున్నాను, “ఇక్కడే పెట్టండి, ఇప్పుడే.”

మణెమ్మ ఆగలేదు. “సైదక్క పని అయిపోయింది తియ్యి సారు. శాలువాలు కప్పుకునేంత దోస్తులైన్రు. ఇగ మా ఏళ్లెందుకు?”

“అలా కాదమ్మా, ఆవిడకేం తెలియదు.”

“మా కండ్లతోని చూసినం గద!”

బస్సు వచ్చింది, ఎక్కారు. సాయంత్రం ఐదుకు ఇంకా టైముంది, కానీ సంతకం పెట్టే మనిషి లేదు. పన్నెండున్నరకు అధ్యక్షులు అతిథితో భోజనానికి వెళ్తూ, సంఘం గ్రూపులో ఫొటో పెట్టారు: సభ్యత్వ సభ విజయవంతం. కింద నలభైకి పైగా నమస్కారాలు. శాఖకు సభ్యులు మాత్రం ఇరవై ఆరే.

ఒంటిగంటకు హయత్‌నగర్ వైపు బస్సులో తిరుగు ప్రయాణం. సైదమ్మ కూడా అదే బస్సు. ఆడవాళ్ల సీట్లో ఆమె, పక్కన కమ్మీ పట్టుకుని నేను. ఆడవాళ్లకు ఉచితం కనుక ఆమెకు సున్నా టికెట్టు, నాకు మామూలుది. ఈ దారిన సభ్యత్వానికి బయలుదేరేవారికి నా అనుభవం ఇది: మెట్రో వేళకు నడుస్తుంది, దిల్‌సుఖ్‌నగర్ వెనక సందులో టీ బాగుంటుంది, వేలు ఎక్కడ పెడతామంటే అక్కడే ఇంకు ప్యాడ్ తెరవండి. మా సంఘంలో లోపించింది జనం కాదు. జనం పొద్దున ఆరున్నరకే సిద్ధంగా ఉన్నారు. మేమే వాళ్లకు పదకొండింటికి టైమిచ్చాం.

పనామా స్టాపు దాటింది. ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నేనే అన్నాను: “సైదమ్మా, ఏమనుకోకు. వచ్చే వారం మళ్లీ సభ పెడదాం. ఈసారి అతిథి లేకుండా. మణెమ్మతో నేను మాట్లాడతాను.”

ఆమె నా వైపు తిరిగింది. కోపంగా లేదు; ఉంటే బాగుండేది.

“నన్ను దూరం ఏసేటప్పుడు గా సారు కాయితమన్న ఇచ్చిండు. స్టేజి ఎక్కిచ్చేటప్పుడు మీరు అడగనన్న అడగలే.”