నిరుటి పని, ఈ ఏటి డబ్బు

నా చిన్నప్పుడు ముదిగుబ్బలో మా నాయనకు మోటార్ల అంగడి ఉండేది. బోరుబావుల్లో కాలిపోయిన మోటార్లు విప్పి, లోపలి రాగి తీగ తీసేసి, కొత్త తీగ చుట్టి ఇచ్చేవాడు. వానలు సరిగా లేని ఏళ్లవి. బోర్లలో నీళ్లు అడుగంటేకొద్దీ మోటార్లు కాలిపోతూనే ఉండేవి. అందుకని చుట్టూ ఎంత కరువున్నా మా అంగడిలో పని తగ్గేది కాదు. డబ్బు మాత్రం రైతులు వేరుశనగ అమ్ముకున్నాకే వచ్చేది.

మా నాయన ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాడు. చేతికి వచ్చిన డబ్బు ఒక పక్క, చేతి నుంచి పోయిన డబ్బు ఇంకో పక్క రాసేవాడు. అప్పుగా చేసిన పని అందులో ఉండేది కాదు. అనంతపురం వ్యాపారి దగ్గర అరువు తెచ్చిన రాగి కూడా ఉండేది కాదు. అవన్నీ ఆయన తలలోనే ఉండేవి, ఒక్కటీ మరచిపోయేవాడు కాదు.

నాకు పన్నెండేళ్లు వచ్చిన ఏడు వేరుశనగ కాస్త పండింది. అంతకు ముందు ఏడు పంట పోయి బాకీ నిలిపినవాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఇచ్చిపోయారు. రెండు వారాల్లో మా అమ్మ దాచే రేకుపెట్టె నిండిపోయింది. మా ఇంట్లో అంత డబ్బు నేనెప్పుడూ చూడలేదు. మా నాయన పుస్తకం కూడి చూసుకుని, అంగడి పక్క గది కూడా బాడుగకు తీసుకోవాలనీ, బెంగళూరులో ఎవరో అమ్ముతున్న పాత లేత్ మిషను కొనాలనీ అనుకున్నాడు. సోమవారం వచ్చి డబ్బు కడతానని మాట కూడా ఇచ్చాడు.

ఆ గొప్ప నేను మా పక్కింటి అక్కకు చెప్పుకున్నాను. ఆమె అనంతపురంలో బీకాం చదివి, ఉద్యోగం కోసం చూస్తూ, మా వీధి పిల్లలకు ట్యూషన్ చెప్పేది. అంతా విని, "రాగి ఇచ్చినాయనకు కట్టేసినారా?" అని అడిగింది. నాకు తెలియదు. "ఈ దుడ్లన్నీ ఎప్పుడు చేసిన పనికి వచ్చినాయి?" అంది. అదీ తెలియదు.

ఆదివారం పొద్దున ఆమె మా ఇంటికి వచ్చి, మా అమ్మతో మాట్లాడి పెట్టె తెప్పించింది. వసారాలో పక్కపక్కన ఉన్న రెండు కడప బండలు చూపించి, "ఇది నిరుడు, ఇది ఈ యేడు. చిన్నాయనా, ఎవరిచ్చిన దుడ్లు ఏ మోటారువో చెప్పు. పని ఏ యేడు చేసింటే ఆ బండమీద పెడదాం" అంది.

మా నాయనకు అదొక ఆటలా అనిపించినట్టుంది, నవ్వుతూ కూర్చున్నాడు. ఆయన చెబుతుంటే నేను నోట్లు పెడుతూ వచ్చాను. నిరుటి బండ నిండి, దానిమీద కట్టలు పేర్చాల్సి వచ్చింది. రెండో బండమీద నాలుగైదు నోట్లకంటే ఎక్కువ పడలేదు. ఆయన నవ్వు తగ్గింది.

తర్వాత అక్క నాచేత చీటీలు రాయించింది. ఈ ఏడు చేసి ఇంకా డబ్బు రాని మోటారు ఒక్కొక్కదానికీ ఒక చీటీ. "చేతికి రాకపోయినా ఇదీ నీ సంపాదనే చిన్నాయనా, పని చేసినావు కదా" అంది. మా నాయన ముఖం కాస్త తేటపడింది. ఆ తర్వాత ఈ ఏడు వాడి ఇంకా కట్టని రాగికి చీటీలు రాయించింది. దానికి అంగడి బాడుగ, కరెంటు, చుట్టిన తీగకు పూసే వార్నిష్ ఖర్చు కలిపింది. రాగి ధర రెండుసార్లు పెరిగినా మా నాయన మోటారుకు పాత రేటు పన్నెండు వందలే తీసుకుంటున్నాడు. కూడి చూస్తే ఒక్కో మోటారుకు ఆయన ఖర్చు అంతకు మించిపోయింది.

"ఈ యేడు చుట్టిన ప్రతి మోటారుకూ నువ్వే ఎదురు దుడ్లు పెట్టినావు" అంది అక్క.

"పెట్టె నిండా దుడ్లు ఉంటే నష్టమంటావేం పాపా? నేనేమన్నా నిన్న మొన్న పెట్టినానా అంగడి?" అని మా నాయన విసురుగా లేచి బయటికి వెళ్లిపోయాడు.

నాకు అక్కమీద చాలా కోపం వచ్చింది. ఆమె చీటీలు తీయకుండా అక్కడే కూర్చుంది, కళ్లలో నీళ్లు తిరిగాయి. మా అమ్మ కాఫీ ఇస్తే తాగలేదు. చాలాసేపటికి మా నాయన తిరిగి వచ్చాడు. ఆమె ఎదురుగా గొంతుకూర్చుని, "ఇంగొకసారి చెప్పు పాపా. ఈతూరి నిదానంగా చెప్పు" అన్నాడు.

సోమవారం ఆయన అనంతపురం వెళ్లి రాగి బాకీ మొత్తం కట్టేసి వచ్చాడు. లేత్ మిషను వద్దని చెప్పేశాడు. చేసిన పనీ, అరువు తెచ్చిన రాగీ రాసుకోవడానికి ఇంకో పుస్తకం మొదలుపెట్టాడు. రేటు పదిహేను వందలు చేశాడు. మొదటి వారంలోనే ఒక రైతు అంగడి ముందు నిలబడి, "ఏమప్పా, కరువులో రేటు పెంచుతావా?" అని కేకలు వేశాడు. మా నాయన గొంతు పెంచలేదు. "కరువు నాకూ ఉండాది అన్నా. రాగికి అయ్యేది ఇప్పుడియ్యి. నా కూలి శెనక్కాయలు అమ్మినాక ఇద్దువులే" అన్నాడు. ఆ రైతు మోటారు వెనక్కి తీసుకుపోయాడు. నాలుగు రోజులకు మళ్లీ తెచ్చాడు.

మరుసటి ఏడు పంట పూర్తిగా పోయింది. చీటీల్లో కొన్ని ఎప్పటికీ డబ్బు కాలేదు. రాసుకున్నదంతా వస్తుందని నమ్ముకోవద్దనీ, అందుకే పాత పుస్తకం కూడా మానొద్దనీ అక్క ముందే చెప్పింది. మా నాయన కొన్ని పేర్లు తానే కొట్టేశాడు. "యాడనుంచి తెచ్చిస్తారు పాపం" అన్నాడు. ఆ ఏడు రాగి వ్యాపారి చాలామందికి అరువు ఆపేశాడు గానీ, మా నాయనకు ఆపలేదు. మా అంగడి మూతపడలేదు.

ఇప్పుడు నాకు అనంతపురంలో యూనిఫారాలు కుట్టే చిన్న యూనిట్ ఉంది. బట్టలు ఇచ్చిన రోజే పని రాసుకుంటాను, డబ్బు వచ్చిన రోజు ఇంకో పుస్తకంలో రాస్తాను. వ్యాపారం నిలబడుతుందా లేదా అన్నది మొదటిది చెబుతుంది. శనివారం కూలి ఇవ్వగలనా లేదా అన్నది రెండోది చెబుతుంది. ఇదంతా ఆ అక్క పెట్టిన భిక్ష. కానీ నాకంటే చిన్నవాళ్లు నా తప్పు చూపించినప్పుడు, కోపంతో లేచి వెళ్లిపోయినా, తిరిగి వచ్చి వాళ్ల ముందు కూర్చోవడం మాత్రం మా నాయన దగ్గరే నేర్చుకున్నాను. రెండింటిలో అదే కష్టం. ఇప్పటికీ ప్రతిసారీ చేతకాదు.