బాబా కోసం ఎంచిన బైపాడ్

2022లో ఎండలు తగ్గుముఖం పట్టిన రోజులవి. దుబాయ్‌లోని డేరా బజారులో, వేట సామాన్ల షాపులో నేను సేల్స్‌మన్‌ని. మాది అమలాపురం పక్క. నాకు తెలిసిన వేటల్లా గోదాట్లో వల వేయడమే. అలాంటివాణ్ణి తుపాకీ సరంజామా అమ్ముతున్నానంటే మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది.

ఒక సాయంత్రం డెబ్బై దాటిన లోకల్ అరబ్బు ఒకాయన వచ్చాడు. హిందీ బాగా మాట్లాడతాడు. వెనకే ఆయన డ్రైవర్ శీను, జగిత్యాల మనిషి, నాకు ముందే పరిచయం. ఇంట్లో పనివాళ్లంతా ఆ పెద్దాయన్ని బాబా అంటారు. కిర్గిజ్‌స్తాన్ కొండల్లో ఐబెక్స్ అనే పెద్ద కొమ్ముల కొండమేక వేటకు వెళ్తున్నాడట.

"తేలికైన బైపాడ్ చూపించు," అన్నాడు. బైపాడ్ అంటే తుపాకీ ముందు భాగాన తగిలించే రెండు కాళ్ల స్టాండు. గురి కదలకుండా ఆపుతుంది. "మా పిల్లలు వద్దంటున్నారు. ఈసారి సరిగా కొట్టకపోతే మళ్లీ గడప దాటనివ్వరు."

కార్బన్ కాళ్లది తీశాను. చేతిలో ఉందో లేదో తెలియనంత తేలిక. కౌంటర్ మీద నిలబెట్టి మురిసిపోయాడు. "ఖలాస్, ఇదే."

బిల్లు కొట్టబోతుంటే శీను దగ్గరికి జరిగి తెలుగులో గొణిగాడు.

"అన్నా, గిది పొట్టిగున్నది. బోర్లా పండి కొట్టేదే గదా? బాబా కింద పండితే లేవలేడు. నమాజ్ గూడ కుర్సీల కూసోనే చేస్తడు. ఆడ అందరి ముంగట లేవలేకపోతే మానం పోదా?"

ఆ సంగతి బాబా చచ్చినా తన నోటితో చెప్పడు. నేను అడిగితే చిన్నబుచ్చుకుంటాడు. మింగలేను, కక్కలేను.

"అర్బాబ్, కొండ మీద మీ మజ్లిస్ హాల్లో లాగా తివాచీ ఉండదు కదా," అన్నాను. అర్బాబ్ అంటే అక్కడ అయ్యగారు అన్నట్టు. "అక్కడ అంతా వాలు. పడుకుంటే అడ్డంగా రాళ్లే కనిపిస్తాయి. కుర్రాళ్లు కూడా కూర్చునే కొడతారు."

పొడుగు కాళ్లది తీశాను. ఏ కాలికి ఆ కాలే విడిగా సాగుతుంది. బూట్లు తొడిగి చూసుకునే పొట్టి స్టూలు ఆయనకు వేసి, డిస్‌ప్లే కోసం ఉంచిన చెక్క తుపాకీకి దాన్ని తగిలించాను. వాలు తెలియాలని ఒక కాలి కింద చాప చుట్టి పెట్టాను. బాబా కన్ను ఆనించి చాలాసేపు కదల్లేదు.

"బరువెక్కువ," అన్నాడు చివరికి.

"నడిచేటప్పుడు విప్పి గైడ్ సంచిలో పెట్టండి. గురి చూసేటప్పుడే కదా దానితో పని."

ఆయన నా వంక చూశాడు, తర్వాత స్టూలు వంక చూశాడు. పొడుగు కాళ్లదానికే బిల్లు వేయమన్నాడు.

తర్వాత నాకు ఒకటే దిగులు. అమ్మింది నేను, గురి తప్పితే పోయేది ఆయన పరువు. నెల గడిచాక బాబా శీనుని వెంటబెట్టుకుని, ఎండు ఆప్రికాట్ల పొట్లంతో దిగాడు. "ఒక్క గుండు! బండ మీద కూర్చునే కొట్టాను. వచ్చే ఏడు మా పెద్దవాడూ వస్తానంటున్నాడు." నేనే కొట్టినంత సంబరమైంది.

"సరే గాని, నా మోకాళ్ల సంగతి నీకెవరు చెప్పారు?"

శీను ఎన్నడూ చూడనట్టు బూట్ల అర వంక చూస్తున్నాడు. బాబా పకపకా నవ్వి, పొట్లం విప్పి మొదటి గుప్పెడు శీను దోసిట్లోనే పోశాడు.

ఇప్పుడు ఎవరొచ్చి తేలికైన బైపాడ్ అడిగినా, బరువు చెప్పేముందు ఆ పొట్టి స్టూలు వేస్తాను.