హుస్సేన్ సాహెబ్ పెట్టని సంతకం

చెయ్యని తప్పు చేశానని రాసిమ్మంటే ఒళ్లు మండదా? పొన్నూరులో రేడియోలు బాగుచేసే హుస్సేన్ సాహెబ్‌కి పంతొమ్మిది వందల అరవై ఒకటిలో అలాగే మండింది.

ఆయన మద్రాసు వెళ్లి పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని, వైర్‌లెస్ సెట్టు సొంతంగా తయారు చేసుకున్నాడు. రోజూ పొద్దున్నే టెలిగ్రాఫువాళ్లలా టకటకా మీట నొక్కుతూ మద్రాసు స్నేహితుడితో మాట్లాడేవాడు. ఏం మాట్లాడతారయ్యా అంటే, మీ ఊళ్లో వానా, నా మాట సరిగ్గా వినబడుతోందా, అంతే!

ఒకరోజు మిరపకాయల వ్యాపారి పేరయ్య వచ్చి కూర్చున్నాడు.

"సాయిబు గారూ, మద్రాసులో మిర్చి ధర మీ వాణ్ణి కనుక్కోమనండి. పెరిగితే 'అమ్మాయికి జ్వరం' అని చెబితే చాలు. ఎవడికీ తెలియదు."

"కుదరదండీ. మేం పంపేది ఎవరు విన్నా అర్థం కావాలి. మారుమాటలు పనికిరావు, వ్యాపారం అసలే చెయ్యకూడదు. అది రూలు."

"బాగుంది! గుంటూరు మిర్చి యార్డులో మేం ఎవరికీ కనబడకుండా తుండుగుడ్డ కింద వేళ్లు పట్టుకుని బేరం చేసుకోవట్లా?"

"అది మీ యార్డు. ఇది నా లైసెన్సు."

పేరయ్య మొహం మాడ్చుకుని పోయాడు. వారం తిరక్కుండా, సాయిబు రహస్య సంకేతాలు పంపుతున్నాడని పోలీసు స్టేషనుకి ఆకాశరామన్న ఉత్తరం వెళ్లింది. ఛీ, ఏం మనుషులు! ఎవరు రాశారో ఊరందరికీ తెలుసు.

ఎస్సై జీపేసుకుని వచ్చి, సాహెబ్ తన సంభాషణలు రాసుకునే నోటుపుస్తకం తిరగేశాడు. "ఈ మూడేసి ఇంగ్లీషు అక్షరాలేంటయ్యా?"

"మాట పొడుగు తగ్గించడానికండి, దాచడానికి కాదు. అన్ని దేశాలవాళ్లూ వాడేవే. ఇదిగో, అర్థాలన్నీ అచ్చేసిన పుస్తకం."

ఎస్సై దాన్ని ముట్టుకుంటే ఒట్టు! "చదివే తీరిక నాకెక్కడిది? ఇకమీదట రహస్య సంకేతాలు పంపనని సంతకం పెట్టు. సెట్టు వదిలేస్తాను."

సాహెబ్ భార్య అమీర్‌బీ తలుపు చాటునుంచి బతిమాలింది. "పెట్టేయండి, పీడా పోతుంది."

"ఇకమీదట పంపనంటే ఇన్నాళ్లూ పంపినట్టే కదా!" సాహెబ్ గొంతు వీధిలోకి వినబడింది. "పంపమని అడిగినా కాదన్నవాణ్ణి నేను! అడిగినవాడేమో దర్జాగా తిరుగుతున్నాడు. నేను పెట్టను. పట్టుకుపోండి!"

కానిస్టేబుళ్లు సెట్టు మోసుకెళ్లి జీపులో పెట్టారు. దాన్ని చూస్తూ నిలబడ్డ మొగుడి మొహం అమీర్‌బీ చూసింది. కొంగు సర్దుకుని గడప దాటి వచ్చింది.

"ఆగండి. రసీదు రాసివ్వండి. ఏ తప్పు చేశాడని పట్టుకెళ్తున్నారో అందులో రాయండి."

ఎస్సై జేబులోంచి కలం తీశాడు. కాగితం పైన 'రసీదు' అని రాశాడు. తలెత్తి, "ఏమని రాయాలయ్యా?" అని సాహెబ్‌నే అడిగాడు.